మాడు

నర్సాపురంలో, వశిష్ఠ గట్టు దిగువన
ఒకప్పుడు లేసు గోదాముగా ఉన్న షెడ్డులో
ఇప్పుడు నల్లగుడ్డ కుడుతున్నాం.
నిగనిగలాడే కార్బన్ గుడ్డ,
తాకితే వేళ్ళకి కనపడని ముళ్ళు.
పొర మీద పొర, ముప్ఫై రెండు పొరలు.
వాటిని నిలువునా పట్టి ఉంచే కుట్టు మాత్రం
ఏ యంత్రమూ ఇంతవరకు మాకు సరిగ్గా వేసి చూపించలేదు.

అందుకని పులపర్తి సువార్తమ్మ.
అరవై మూడేళ్ళు. అందులో నలభై తెల్లదారానివి.
ఎవరివో తెలియని భోజనాల బల్లలకి
ఓడల్లో పువ్వులు పంపిన వేళ్ళు.
మొదటిరోజే అడిగింది,
"ఇదెవరింటికండీ?"
ఇంటికి కాదు, ఆకాశం నుంచి
మనుషులు దిగొచ్చే గూటికి అడుగు, అన్నాను.
"అడుగా?" అందావిడ. "అయితే మాడుద్ది."

మాడడమే దాని పని అని
నేను మూడేళ్ళు చదివి నేర్చుకున్నాను.
రెసిన్ ఉడికి, ఆవిరై, గుడ్డ సందుల్లోంచి ఊపిరిలా వదిలి
మంటని ఒక వేలెడు అవతలికి నెట్టాలి.
మిగిలిన బొగ్గు కరుచుకుని ఉండాలి.
పైది పోతూ పోతూ కిందిదాన్ని కాయాలి.

మాది లంక.
వరద రాత్రుళ్ళు నాన్న లాంతరు పట్టుకుని
ఏటి ఒడ్డు నుంచి ఇంటిదాకా గుంజలు పాతేవాడు, బారకొకటి.
తెల్లారాక లెక్క:
రెండు పోయినయ్, ఏడున్నయ్.
ఏడున్నాయంటే అమ్మ పొయ్యి వెలిగించేది.
నేనూ అదే పని.
పలకలో లోతు లోతుకీ వెంట్రుకంత తీగ పాతి
ఏది ఎన్నో సెకనుకి చచ్చిపోయిందో రాసుకుంటాను.

మొదటి పలక అక్టోబరులో పోయింది.
మంట పెట్టింది ఎక్కడో దూరాన,
మాకు తిరిగొచ్చింది చెక్కపెట్టె.
మేకులు ఊడబెరికి చూస్తే
అరచేయంత మేర పొర లేచి, బొబ్బ చిట్లినట్టు.
ముప్ఫై ఏడో సెకను.
మనిషి నేల చేరడానికి ఇంకా నిమిషాలకి నిమిషాలుండగా.

కుట్టు తప్పని రాయబోతున్నాను.
సువార్తమ్మ ఆ పుండుని చూపుడువేలితో తడిమింది.
"కుట్టు తెగలేదండీ. చెమ్మ తాగింది.
తుపాను వారంలో కుట్టాం కదా?
ముసురు పట్టిందంటే మా అమ్మ దారపు డబ్బా
పొయ్యి పైన అటక మీద పెట్టేది.
తడిసిన దారం తడిసినట్టు కనపడదు, ఆయ్.
తరవాత ఏడిపిస్తుంది."

తూచాను.
నూటికి ఒకటిన్నర పాళ్ళు గోదారి.
మంట తగిలాక పారిపోయే దారిలేక
పొర చీల్చుకుని బయటపడ్డ గోదారి.
లంకలో పుట్టినదాన్ని,
ఇన్నాళ్ళూ నిప్పుకి భయపడుతూ కూచున్నాను.

ఇప్పుడు గుడ్డ చుట్టలు రాత్రంతా వెచ్చటి గదిలో పడుకుంటాయి.
తలుపు సందుల్లో రబ్బరు పట్టీలు.
కరెంటు బిల్లు చూసి మా మేనేజరు
రెండురోజులు నాతో మాట్లాడలేదు.

రెండో పలక ఫిబ్రవరిలో వచ్చింది.
పైన పదకొండు మిల్లీమీటర్లు లేవు.
దానికింద బొగ్గు, నెర్రెలిచ్చినా వదలకుండా.
బొగ్గు కింద గోధుమరంగు.
ఆ కింద మేం పంపిన నలుపే, కుట్లతో సహా.
పన్నెండు తీగల్లో నాలుగు పోయినయ్, ఎనిమిదున్నయ్.
వెనకవైపు ఆఖరి తీగ చెప్పిన అంకె నలభై ఒకటి:
మే నెలలో మధ్యాహ్నం భీమవరం బస్సు.

ఆవిడ పలకని ఇటూ అటూ తిప్పి చూసింది.
"బాగా మాడింది" అంది, కూర పొగిడినట్టు.
కాసేపాగి, మనవరాలి సంగతెత్తింది.
మూడో నెలట. మాడు ఇంకా పూడలేదట.
రోజూ ఆముదం అద్దుతుంటే
వేలికింద టుక్కుటుక్కుమంటుందట.

"అందులో ఎంతమంది కూచుంటారన్నారు?"
ముగ్గురు.
"ఎటు తిరిగి?"
మంటవైపు వీపు పెట్టి.

ఇంకేం అడగలేదు.
మాడని వైపు మీద అరచేయి ఆనించి,
కొంచెంసేపు, ఏదో వింటున్నట్టుండి,
మూడో పలకకి దారం ఎక్కించింది.